79 చుట్లు

సావనీరుకు ఏదైనా రాసి ఇమ్మని మా యూనియన్ సెక్రటరీ వారం రోజులుగా నా వెంట పడుతున్నాడు. "ఏదైనా" అంటే ఏమిటో అతనికీ తెలియదు, నాకూ తెలియదు. కవిత్వం నాకు చేతకాదు. కథలు రాసేవాళ్ళు తెలుగు డిపార్టుమెంటులో కావలసినంతమంది ఉన్నారు. సైన్సు వ్యాసం రాస్తానంటే "పరీక్ష పేపరు దిద్దుకున్నట్లుంటుంది, వద్దులే" అని హాస్టల్లో నవ్వారు. చివరికి అతనే అన్నాడు: "పోయిన ఫిబ్రవరిలో గ్రౌండు చుట్టూ పరిగెత్తావు కదా, అది రాయి. ఎందుకు పరిగెత్తావో చాలామందికి ఇప్పటికీ తెలియదు."

ఆ మాట నిజమే. చందా ఇచ్చినవాళ్ళకు కూడా నేను పూర్తిగా చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఉంది. అదీ ఇక్కడే చెబుతాను.

మాది పల్నాడులో ఒక పల్లె. సాగర్ కుడి కాలువ చివరి భూములు. నీళ్ళు వస్తే వచ్చినట్లు, లేకపోతే లేనట్లు. నాలుగెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. మిరప, పత్తి వేస్తాం. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినదాన్ని నేనే. అక్కకు ఇంటర్ అవగానే పెళ్ళి చేశారు. ఏడాది తిరక్కుండా కొడుకు పుట్టాడు.

వాడు మూడేళ్ళు దాటినా మెట్లు ఎక్కడానికి మారాం చేసేవాడు. కింద కూర్చుంటే లేవడానికి ముందు చేతులు నేలకు ఆన్చి, తర్వాత మోకాళ్ళ మీద పెట్టి, తొడల మీదకు జరుపుకుంటూ, తన ఒంటిని తనే ఎక్కుతున్నట్లు లేచేవాడు. మాకు అది ముద్దుగా ఉండేది. పిక్కలు మాత్రం బాగా లావుగా ఉండేవి. మా నాయనమ్మ వాటిని తడిమి "పహిల్వాను పిక్కలురా నీవి" అని మురిసిపోయేది. ఆ లేవడాన్ని 1879లోనే గవర్స్ అనే ఇంగ్లీషు డాక్టరు వర్ణించాడనీ, ఆ లావు పిక్కల్లో ఉన్నది కండ కాదు కొవ్వు అనీ తర్వాతెప్పుడో చదువుకున్నాను. చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

బలం మందులు వాడాం. మొక్కులు మొక్కాం. కాళ్ళకు నూనె మర్దనా చేయించాం. ఒక డాక్టరు కాల్షియం అన్నాడు, ఇంకొకరు పెద్దయితే అదే సర్దుకుంటుందన్నారు. చివరికి వాడి ఏడో ఏట, 2022లో, హైదరాబాదులో రక్తం పరీక్ష చేయిస్తే జబ్బు పేరు తెలిసింది. డుషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ. రిపోర్టులో ఒక వరుస కింద గీత గీసి ఉంది. డిస్ట్రోఫిన్ జీన్‌లో 48, 49, 50 ఎక్సాన్లు లేవు.

అప్పుడు నేను ఇంటర్ రెండో సంవత్సరం. ఆ కాగితాన్ని నలభైసార్లు చదివి ఉంటాను. అర్థమయిన ముక్క ఒక్కటీ లేదు. నేను ఈ కాలేజీలో జెనెటిక్స్ గ్రూపు అడిగి చేరడానికి ఆ కాగితమే కారణం. ఇంటర్వ్యూలో లెక్చరరుగారు "ఈ గ్రూపే ఎందుకమ్మా?" అంటే "ఆసక్తి సార్" అన్నాను.

ఇక్కడ కాస్త సైన్సు చెప్పక తప్పదు. గడ్డివాము వేశాక మీద తాళ్ళు కట్టి రాళ్ళు వేలాడదీస్తాం. అవి లేకపోతే గాలి వీచినప్పుడల్లా పిడికెడు గడ్డి ఎగిరిపోతుంది. కండరాల్లో డిస్ట్రోఫిన్ అనే ప్రొటీను చేసే పని ఇంచుమించు ఆ తాళ్ళు చేసే పనే. అది లేకపోతే కండరం ముడుచుకున్నప్పుడల్లా ఇంత చిరుగుతుంది. చిరిగిన చోట కొన్నాళ్ళకు కొవ్వు చేరుతుంది. ముందు కాళ్ళు, తర్వాత చేతులు, ఆ తర్వాత ఊపిరి, గుండె. ఆ ప్రొటీనును తయారుచేసే జీన్ మనిషిలోని జీన్లన్నింటిలోకీ పొడవైనది. అందులో 79 ఎక్సాన్లు. 1986-87ల్లో అమెరికాలో కుంకెల్ బృందం దాన్ని పట్టుకుంది.

మూడు ముక్కలు పోతే 76 మిగిలి ఉన్నాయి గదా, పని జరగదా అని నాన్న అడిగాడు. మంచి ప్రశ్నే. జీన్‌ను మన కణం మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. నాన్నకు గొర్రుతో చెప్పాను. మూడు చెక్కల గొర్రుతో జొన్న విత్తుతున్నప్పుడు ఒకచోట సాలు పక్కకు జరిగిందనుకో. తర్వాత పాత లెక్కనే గుంటక తోలితే ఏమవుతుంది? అక్కడి నుంచి గట్టు దాకా కలుపు బదులు పైరే లేచిపోతుంది. నాన్న కాసేపు ఆలోచించి "అయితే సాలు తప్పిందన్నమాట" అన్నాడు. అంతే. ఇంకొక్క సాలు వదిలిపెట్టి గొర్రు మళ్ళీ కలిపితే మిగతా చేనన్నా దక్కుతుంది గదా అన్నాడు. నేను నోరు తెరిచాను. సరిగ్గా ఆ ఆలోచనతోనే 51వ ఎక్సాన్‌ను దాటించే మందు ఒకటి చేశారు, దానికి 2016లో అమెరికాలో అనుమతి వచ్చింది. వారం వారం ఎక్కించాలి. ఖరీదు ఏటా లక్షల డాలర్లు. ఇంతా చేసి అది జబ్బును తీసేసే మందు కాదు. 2023లో అక్కడే ఒక జీన్ చికిత్సకూ అనుమతి వచ్చింది, దాని ధర 32 లక్షల డాలర్లు. మన దేశంలో 2021లో అరుదైన జబ్బుల విధానం వచ్చింది. 2022లో దాని కింద సాయం 50 లక్షల రూపాయల దాకా పెంచారు. మంచిదే. కానీ పై మందుల ఖరీదుకు అది ఏ మూలకూ రాదు.

ఇక పరుగు సంగతి.

లైబ్రరీలో ఒకరోజు లీడ్స్ నగరపు రగ్బీ ఆటగాళ్ళు ఇద్దరి గురించి చదివాను. రాబ్ బరో, కెవిన్ సిన్‌ఫీల్డ్. బరో పొట్టివాడు, జెర్సీ నంబరు 7. సిన్‌ఫీల్డ్ వాళ్ళ కెప్టెన్. 2019 డిసెంబరులో బరోకు మోటార్ న్యూరాన్ జబ్బు అని తేలింది. అదీ కండరాలను తినేసేదే, కాకపోతే నరాల వైపు నుంచి. 2020 డిసెంబరులో సిన్‌ఫీల్డ్ ఏడు రోజుల్లో ఏడు మారథాన్లు పరిగెత్తాడు, రోజుకు 42 కిలోమీటర్ల చొప్పున. 77 వేల పౌండ్లు వస్తే చాలనుకున్నాడు, 20 లక్షలు దాటాయి. మరుసటి ఏడు 24 గంటల్లో 101 మైళ్ళు పరిగెత్తాడు. 2023 మే నెలలో లీడ్స్ మారథానులో బరోను చక్రాల కుర్చీలో తోసుకుంటూ వెళ్ళి, గీత దగ్గర అతన్ని చేతుల్లోకి ఎత్తుకుని దాటించాడు. బరో 2024 జూన్ 2న చనిపోయాడు. ఆ తర్వాత కూడా సిన్‌ఫీల్డ్ పరుగు మానలేదు. ఇది చదివి నేను చాలాసేపు కిటికీలోంచి గ్రౌండు వైపు చూస్తూ కూర్చున్నాను.

మా జబ్బుకు ఇంకా దగ్గరి కథ ఫ్రాన్సులో ఉంది. డుషెన్ జబ్బు వచ్చిన నలుగురు కొడుకుల తల్లి, యోలేన్ ద కెప్పెర్ అనే ఆవిడ, 1958లో ఒక సంఘం పెట్టింది. ఆ సంఘం 1987 నుంచి ఏటా డిసెంబరులో 30 గంటలపాటు టెలివిజన్‌లో చందాలు అడుగుతుంది. దానికి తోడు ఊరూరా జనం పరిగెడతారు, సైకిళ్ళు తొక్కుతారు, ఈదుతారు. ఆ డబ్బుతో 1990లో పరిశోధనశాల కట్టారు. 1995లో పారిస్‌లో జుడిత్ మెల్కీ బృందం పిల్లల్లో వచ్చే మరో కండరాల జబ్బు, ఎస్.ఎం.ఏ.కు కారణమైన జీన్‌ను కనిపెట్టింది. దానికి మందులు 2016లో ఒకటి, 2019లో ఒకటి వచ్చాయి. ఏళ్ళు లెక్కపెట్టుకోండి. మొదటి ఏడు చందా ఇచ్చిన పిల్లవాడు మందు వచ్చేసరికి నడివయసుకు వచ్చి ఉంటాడు.

మన గ్రౌండు చుట్టు 400 మీటర్లు. ఎక్సానుకు ఒక చుట్టు చొప్పున 79 చుట్లు తిరిగితే ముప్ఫై ఒకటిన్నర కిలోమీటర్లు పైన. ఫిబ్రవరి చివరి రోజు అరుదైన జబ్బుల దినం గనుక ఆ దగ్గరలోనే, 2025 ఫిబ్రవరి 23 ఆదివారం నిర్ణయించాం. చుట్టుకు ఇంత అని చందా రాయించుకోవడం, వచ్చింది కండరాల జబ్బుల పరిశోధనకు పంపడం. ఫిజికల్ డైరెక్టరుగారు నన్ను ఎగాదిగా చూసి "ఇంతకుముందు ఎప్పుడైనా పరిగెత్తావా?" అన్నారు. "చేలో పందుల వెంట పడ్డాను సార్" అన్నాను. నవ్వి, మూడు నెలలు రోజూ తెల్లవారుజామున రమ్మన్నారు. ఆయన నేర్పింది ఒక్కటే: వేగంగా పోవద్దు, మాట్లాడుతూ పోగలిగినంత మెల్లగా పొమ్మని.

చందాల దగ్గర అసలు కష్టం ఎదురయింది. కాలేజీలో పది రూపాయలకు పది ప్రశ్నలు. "ఎవరికి జబ్బు?" అని అడిగితే "ఒక అబ్బాయికి" అనేదాన్ని. మా అక్క కొడుకు అని నోరు రాలేదు. సంక్రాంతి సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు మా పెదనాన్న అందరి ముందూ అడిగాడు: "ఆ డబ్బేదో మీ అక్క చేతిలో పెట్టొచ్చుగా? ఊరోళ్ళ డబ్బు ఎవరికో పంపేదేంది?" నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి అక్కకు ఫోను చేసి అదే మాట అడిగాను. అక్క కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది: "నా చేతిలో పెడితే కొన్నాళ్ళ మందులకు వస్తయి. కాదనను. కానీ మామయ్య పోయిన రోజుల్లో ఎవరన్నా కూర్చుని వెతికుంటే ఈపాటికి వీడికి మందు ఉండేదేమోనే."

మామయ్య అంటే అమ్మ తమ్ముడు. నేను ఫొటోలోనే చూశాను. పదిహేడేళ్ళకు పోయాడు. కాళ్ళు పడిపోయి, తర్వాత ఊపిరాడక. ఊళ్ళో దిష్టి అన్నారు, చేతబడి అన్నారు. ఇప్పుడు మాకు తెలుసు అదేమిటో.

ఇంకొకటి కూడా చెప్పాలి. అప్పుడు మా చేలో మిరప కోతలు. కూలికి వచ్చిన ఒక పెద్దమ్మ, మా అక్క కొడుకును ఎరిగినదే, కొంగు ముడి విప్పి ఇరవై రూపాయలు నా చేతిలో పెట్టింది. "పిల్లోడు లేచి నడవాల తల్లీ" అంది. నేను తీసుకున్నాను. దణ్ణం పెట్టాను. రసీదు పుస్తకంలో రాసుకున్నాను. ఈ డబ్బుతో వాడు నడవడని చెప్పలేదు. చెబితే ఇంకెవ్వరూ ఇవ్వరేమోనని భయం, అంతకంటే ఆ ముఖం చూస్తూ చెప్పలేని పిరికితనం.

హాస్టలుకు తిరిగొచ్చాక ఆ ఇరవై రూపాయలు నన్ను నిద్ర పోనివ్వలేదు. లాబ్‌లో ఒక రీడింగు తప్పు రాస్తే రికార్డు మొత్తం తిరిగి రాయిస్తారు మా మేడమ్. మరి ఇదేమిటి? రెండు వారాల తర్వాత శనివారం బస్సెక్కి ఊరెళ్ళాను. కళ్ళంలో తాలుకాయలు ఏరుతోంది పెద్దమ్మ. పక్కన కూర్చుని నేనూ ఏరుతూ చెప్పాను. ఈ డబ్బు పరిశోధనకు పోతుందని, మందు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదని, మావాడికి అందకపోవచ్చని. కావాలంటే వెనక్కి ఇస్తానని. ఆవిడ ఏరడం ఆపలేదు. "ఎవరో ఒకరి పిల్లోడు నడుస్తాడుగా" అంది. కాసేపాగి, "ఆ మాట అప్పుడే చెప్పబోయావూ?" అంది. అందులో కోపం లేదు. కానీ నాకు తగలవలసిన చోట తగిలింది. ఆ రోజు నుంచి చందా అడిగిన ప్రతివాళ్ళకూ ముందుగా ఆ మాటే చెప్పాను. కొందరు ఇవ్వలేదు. ఎక్కువమంది ఇచ్చారు. మిరప ధర పడిపోయి రైతులు యార్డు ముందు నెత్తిన చేతులు పెట్టుకున్న ఏడు అది. అయినా నాన్న ఒక టిక్కీ కాయలు అమ్మిన డబ్బు తెచ్చి ఇచ్చాడు. "విత్తనం కింద రాసుకో" అన్నాడు.

ముందురోజు సాయంత్రం కబడ్డీ జట్టువాళ్ళు ట్రాక్ లోపలి గీత వెంట నీళ్ళు చల్లి, రోలరు లాగి చదును చేశారు. నేను అడగలేదు. ఎందుకంటే అక్క, బావ వాడిని తీసుకుని వస్తున్నారని ఎవరి ద్వారానో తెలిసిందట.

తెల్లవారి అయిదున్నరకు మొదలుపెట్టాను. మా రూమ్మేట్లు లెక్కకు డబ్బా పట్టుకుని కూర్చున్నారు, చుట్టుకొక చింతపిక్క వేయడానికి. మొదటి ఇరవై చుట్లు ఏమీ తెలియలేదు. ముప్ఫై దాటాక ఎండ వచ్చింది. ఒకరిద్దరు కాసేపు తోడు పరిగెత్తేవారు, పోయేవారు. కెమిస్ట్రీ మేష్టారు పంచె పైకి కట్టి రెండు చుట్లు నడిచారు. అందరూ చప్పట్లు కొట్టారు.

నలభై ఏడో చుట్టు అయ్యేసరికి వాడు గీత దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పదేళ్ళవాడు. అంతకు మూడు నెలల ముందే నడక పూర్తిగా ఆగిపోయింది. "పిన్నీ, 48, 49, 50 నావే గదా?" అన్నాడు. రిపోర్టు వాడూ చదివాడన్న సంగతి మాకెవరికీ తెలియదు. నిజానికి అవి వాడికి లేనివి. ఆ మాట అనబోయి ఆగాను. "నీవేరా" అన్నాను.

కుర్చీ తోస్తూ మూడు చుట్లు నడిచాను. మలుపు దగ్గర మట్టి మెత్తగా ఉండి చక్రం దిగబడితే కబడ్డీవాళ్ళు పరిగెత్తుకొచ్చి ఎత్తారు. వాడు దారి పొడుగునా ఏవేవో అడుగుతూనే ఉన్నాడు. ఆ చెట్టేమిటి, హాస్టల్లో కోడిగుడ్డు ఎన్ని రోజులిస్తారు, నువ్వు సైంటిస్టువి ఎప్పుడవుతావు. మూడోది అయ్యాక "చాలు, నువ్వు పరిగెత్తు, నేను చూస్తా" అన్నాడు.

అరవై దాటాక పిక్క పట్టేసింది. కూర్చుంటే మళ్ళీ లేవనని తెలుసు. అందుకని నడిచాను. డెబ్భై తొమ్మిది అయిందనుకుని పడిపోతే డబ్బాలో చింతపిక్కలు డెబ్భై ఎనిమిదే ఉన్నాయి! ఎవరు మరిచారని రూమ్మేట్లు పోట్లాడుకుంటుంటే, లేచి ఇంకో చుట్టు తిరిగి వచ్చాను. బహుశా ఎనభై పరిగెత్తి ఉంటాను. అప్పటికి పదకొండున్నర.

అన్నీ కలిపి 58,340 రూపాయలు వచ్చాయి. ప్రిన్సిపాలుగారి సమక్షంలో లెక్క చూసి, కండరాల జబ్బులపై పని చేస్తున్న ఒక పరిశోధన సంస్థకు పంపాం. రసీదు యూనియన్ ఆఫీసులో ఉంది, ఎవరైనా చూడవచ్చు. ప్రపంచంలో ఈ పనికి ఖర్చయ్యేదాని ముందు ఇది ఎంత? ఏమంత కాదు. లాబ్‌లో కొన్నాళ్ళ రసాయనాలకు వస్తుందేమో.

మర్నాడు నేను మెట్లు దిగలేకపోయాను. కింద కూర్చుని లేవబోతే చేతులు మోకాళ్ళ మీద పెట్టి, తొడల మీదకు జరుపుకుంటూ లేచాను. సగం లేచాక తెలిసింది, వాడు లేచేది ఇలాగే కదా అని. అంత దూరం పరిగెత్తితే ఎవరి కండరాలైనా చిరుగుతాయి. నావి అయిదు రోజుల్లో అతుక్కున్నాయి. మా ఇద్దరికీ తేడా అదొక్కటే.

ఇక నేను దాచిన కారణం. ఈ జబ్బు జీన్ ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. తల్లి వాహకురాలైతే, పుట్టే కొడుకుల్లో ఒక్కొక్కరికీ జబ్బు రావడానికి సగం అవకాశం, కూతుళ్ళలో ఒక్కొక్కరూ వాహకులు కావడానికి సగం అవకాశం. తల్లిలో లేకుండా బిడ్డలోనే కొత్తగా పుట్టే కేసులూ చాలా ఉన్నాయి. మా ఇంట్లో మాత్రం అమ్మకు ఉంది, అక్కకు ఉంది. పరీక్షలు చెప్పాయి. జబ్బు పేరు తెలిసిన రోజు నుంచి అక్క అత్తవారింట పడిన మాటలు నేను ఇక్కడ రాయలేను. ఇది ఎవరి తప్పూ కాదు, ఎవరి పాపమూ కాదు, అక్షరాల్లో జరిగిన పొరపాటు. బావ ఆ మాట అర్థం చేసుకున్నాడు, అది మా అదృష్టం.

నేను ఇంకా పరీక్ష చేయించుకోలేదు. ఫైనల్ పరీక్షలు కాగానే చేయించుకుంటాను. సగానికి సగం. వాహకులైన ఆడవాళ్ళలో కొందరికి గుండె బలహీనపడుతుంది కనుక తెలుసుకోవడమే మంచిది. "సంబంధాలు చూడాల్సిన పిల్లవి, బయట అనబాక" అని అమ్మ మూడేళ్ళుగా నా నోరు మూయించింది. అందుకే "ఒక అబ్బాయికి జబ్బు" అని చెప్పుకుంటూ వచ్చాను.

ఈ వ్యాసం రాసేముందు అమ్మను అడిగాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు తనే ఫోను చేసి "రాయి. అక్కని అన్న మాటలు ఇంకో ఆడపిల్లని అనకుండా ఉంటారేమో" అంది. ఫోను పెట్టేస్తూ, "సంబంధం సంగతి తర్వాత చూద్దాం" అని కూడా అంది.

మిత్రులారా! వచ్చే ఫిబ్రవరికి నేను ఈ కాలేజీలో ఉండను. చింతపిక్కల డబ్బా యూనియన్ ఆఫీసు బీరువా మీద పెట్టి వెళుతున్నాను. ఎవరైనా పరిగెత్తదలిస్తే ముందు మన ఫిజికల్ డైరెక్టరుగారిని కలవండి. చందా ఇచ్చేవాళ్ళకు ఆ డబ్బు ఎక్కడికి పోతుందో, ఏం చేయగలదో, ఏం చేయలేదో మొదటే చెప్పండి. లెక్క మాత్రం ఇద్దరు వేరువేరుగా రాసుకోండి.

— తృతీయ బి.ఎస్సీ. విద్యార్థిని